లైనులో నిలబడ్డ డాక్టరు

తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు రాత్రి గరుడసేవ. నాలుగు మాడవీధులూ జనంతో కిటకిటలాడుతుంటాయి. అందరి చూపూ స్వామి మీదే, ఆయన మెడలోని హారాల మీదే, గరుడుడి రెక్కల మీదే. ఆ బరువంతా భుజాన వేసుకుని, అడుగులో అడుగు కలిపి నడిచేవాళ్ల ముఖాలు ఎవరికైనా గుర్తుంటాయా? ఉండవు. అది భక్తుల తప్పేమీ కాదు. చూపు అంత కిందికి దిగదు, అంతే.

ఇలాంటి సంగతే అమెరికాలో ఒక డాక్టరు మనసులో పడింది. ఆయన చూసింది ఊరేగింపులో కాదు, ఫుట్‌బాల్ మైదానంలో. పేరు జాన్ ఔట్‌లాండ్. మొదట ఆటగాడు, తర్వాత కాలేజీ జట్లకు కోచ్, ఆ తర్వాత పేరున్న సర్జన్. ఆయన పోయి ఎనభై ఏళ్లు కావస్తున్నా అమెరికాలో ఏటా ఆయన పేరు వినబడుతూనే ఉంటుంది. అయితే ఆయన చేసిన ఆపరేషన్ల వల్ల కాదు.

ముందుగా ఒక మాట. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి గుడ్డు ఆకారంలో ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ, చంకన పెట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. మధ్యలో రెండు జట్ల వాళ్లూ ఎదురెదురుగా, దాదాపు తలలు తాకేంత దగ్గరగా వంగి నిలబడతారు. అదే లైను. బంతి కదలగానే ఈ లైనులోని వాళ్లు పొట్టేళ్లలా ఢీకొంటారు. ఆ సందులోంచి వెనకనున్నవాడు బంతి పట్టుకుని ఉరుకుతాడు. చప్పట్లు ఉరికినవాడికి. దారి చేసినవాడు అప్పటికి నేల మీద ఎవరి కిందో పడి ఉంటాడు. మన కబడ్డీలో కూతకు వెళ్లినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది, వాడి మడమ పట్టి ఆపినవాణ్ణి ఎదుటి ఊరివాళ్లు కూడా అడగరు. అక్కడా అంతే.

ఔట్‌లాండ్ 1871 మార్చి 17న కాన్సాస్ రాష్ట్రంలోని హెస్పర్ అనే పల్లెలో పుట్టాడు. ఈ కాన్సాస్ ఇప్పుడు మనవాళ్లకు కొత్త పేరేం కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలు కాన్సాస్ సిటీ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. హెస్పర్ అప్పట్లో క్వేకర్లు స్థిరపడిన పల్లె. క్వేకర్లంటే యుద్ధం వద్దనే వాళ్లు, చెయ్యెత్తడం పాపమని నమ్మే వాళ్లు. అలాంటి వాతావరణంలో పుట్టిన కుర్రాడు ఆ దేశంలో అందరికన్నా మొరటు ఆటను ఎంచుకున్నాడు. మనుషులు పుట్టిన చోటు ఒకటి, పోయే దారి ఒకటి.

మొదట అయోవాలో క్వేకర్ల కాలేజీలో చదివాడు. 1895, 96ల్లో కాన్సాస్ యూనివర్సిటీ జట్టుకు ఆడాడు. తర్వాత వైద్యం చదవడానికి ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీకి వెళ్లాడు. పగలు శరీరశాస్త్రం, సాయంత్రం మైదానం. ఎముక ఎక్కడ ఎలా అతుక్కుని ఉంటుందో పుస్తకంలో చదవడం, అది ఎలా విరుగుతుందో కళ్లారా చూడడం. 1897లో ఆయన జట్టు ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. ఆ ఏడాది దేశంలోని మేటి ఆటగాళ్ల జాబితాలో ఔట్‌లాండ్ పేరు లైనులో నిలబడే ఆటగాడిగా వచ్చింది. మరుసటి ఏడాది జట్టుకు కెప్టెన్ అయ్యాడు. అప్పుడూ ఆ జాబితాలో పేరుంది, ఈసారి బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడిగా.

ఈ రెండేళ్ల సంగతి కాస్త గుర్తు పెట్టుకోవాలి. లైనులోనూ, లైను వెనకా ఆడి రెండు చోట్లా అంత పేరు తెచ్చుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. గోడలా నిలబడితే ఎన్ని చప్పట్లు పడతాయో, బంతి పట్టుకుంటే ఎన్ని పడతాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనిషి అదే, బలం అదే, కష్టం కూడా ఇంచుమించు అంతే. మారింది నిలబడే చోటు.

పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి వైద్యం చదువు అయిపోయింది. డాక్టరు అయ్యాక ఆట మానేస్తాడనుకుంటాం కదా! మానలేదు. 1900లో పెన్సిల్వేనియాలోనే ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కాలేజీ జట్టుకు కోచ్ అయ్యాడు. 1901లో సొంత రాష్ట్రానికి వచ్చి కాన్సాస్ యూనివర్సిటీ జట్టును చేపట్టాడు. అప్పట్లో కోచ్ అంటే ఇప్పటిలా కోట్ల డాలర్ల ఉద్యోగం కాదు. ఆట సీజను కొద్ది నెలలే. ఆ తర్వాత ఎవరి పని వాళ్లది. మంచి జట్లలో ఆడి వచ్చిన కుర్ర లాయర్లు, కుర్ర డాక్టర్లు ప్రాక్టీసు కుదురుకునేదాకా కోచింగ్ చేయడం మామూలే.

కోచ్‌గా ఔట్‌లాండ్ గొప్పవాడేం కాదు. ఆ ఏడాది కాన్సాస్ జట్టు మూడు ఆటలు గెలిచింది, అయిదు ఓడింది, రెండు సమానం. తమాషా ఏమిటంటే అదే రోజుల్లో అదే యూనివర్సిటీలో మరో డాక్టరు కూడా అలాగే నష్టాల లెక్క రాసుకుంటున్నాడు. ఆయన జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన మనిషి! డెన్వర్‌లో వైద్యం చదివి 1898లో కాన్సాస్‌కు వచ్చాడు. బాస్కెట్‌బాల్ జట్టుకు కోచింగ్ ఇచ్చి 55 గెలిచి, 60 ఓడాడు. ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్‌ల చరిత్రలో గెలిచినవాటి కంటే ఓడినవి ఎక్కువున్నది ఆ ఆటను కనిపెట్టినాయనకు ఒక్కడికే. ఆయన దాన్ని పెద్దగా పట్టించుకోలేదు కూడా. కుర్రాళ్ల ఒళ్లు, నడవడిక బాగుంటే చాలన్నది ఆయన లెక్క.

నైస్మిత్ కూడా ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడే. అదీ లైనులో, నట్టనడుమ. 1891 డిసెంబరులో ఆయన తయారు చేసిన కొత్త ఆటలో భుజంతో గుద్దకూడదు, పట్టుకోకూడదు, తోయకూడదు, బంతి పట్టుకుని పరిగెత్తకూడదు. ఫుట్‌బాల్ లైనులో ఏవేవి జరుగుతాయో వాటినన్నిటినీ వరసగా కొట్టేసినట్టు ఉంటుంది ఆ నియమాల పట్టిక.

ఎందుకంటే ఆ రోజుల్లో ఫుట్‌బాల్ నిజంగానే మనుషుల్ని చంపుతోంది. తలకు హెల్మెట్ పెట్టుకోవాలన్న నియమం లేదు. కాలేజీ ఆటలో అది తప్పనిసరి అయ్యింది 1939లో. జట్టంతా ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ముద్దలా కలిసి ఎదుటివాళ్ల మీద పడే ఎత్తులు ఉండేవి. మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు ముందుకు పోతే బంతి వాళ్ల దగ్గరే ఉంటుంది. అయిదు గజాల కోసం ఎత్తులూ జిత్తులూ ఎందుకు? ఎదురుగా ఉన్నవాణ్ణి తొక్కుకుంటూ పోతే సరి. 1905లో ఈ ఆట వల్ల పోయినవాళ్లు కనీసం 18 మంది అని పత్రికలు లెక్క తేల్చాయి. అందులో ఎక్కువమంది స్కూలు పిల్లలే. ఆ అక్టోబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీల వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడాడు. ఆట అంటే ఆయనకు ఇష్టమే. పద్ధతి మార్చకపోతే జనమే దాన్ని మాన్పించేస్తారన్నది భయం.

ఆ ఏడాది ఔట్‌లాండ్ ఎక్కడున్నాడు? టొపీకాలోని వాష్‌బర్న్ కాలేజీకి కోచ్‌గా. 1904, 05 రెండేళ్లూ అక్కడే. 1905 క్రిస్మస్ రోజున విచిటా పట్నంలో ఒక వింత ఆట జరిగింది. వాష్‌బర్న్ జట్టుకీ ఫెయిర్‌మౌంట్ కాలేజీ జట్టుకీ పోటీ. కొత్త నియమాలు పెట్టి ఆడించి చూద్దామన్నది ఆలోచన. మూడు ప్రయత్నాల్లో అయిదు కాదు, పది గజాలు పోవాలి. బంతిని ముందుకు విసరొచ్చు. అంతకుముందు అలా విసరడం తప్పు. ఆ రోజు ఫెయిర్‌మౌంట్ కుర్రాడొకడు బంతిని ముందుకు విసిరాడు, తోటివాడు పట్టుకున్నాడు. ఈ రోజు అమెరికన్ ఫుట్‌బాల్ అంటే గుర్తొచ్చే దృశ్యం అదే కదా, గాల్లో తేలుతూ వెళ్లే బంతి. ఆట మాత్రం ఎటూ తేలలేదు. ఇరువైపులా సున్నాలే.

ఔట్‌లాండ్‌కు ఆ ప్రయోగం అంతగా నచ్చలేదు. పది గజాలంటే మరీ దూరం, ఏ మోసమో అదృష్టమో కలిసొస్తే తప్ప ఎవరూ పాయింటు కొట్టలేరన్నాడు. కాలం ఆయన మాటను కాదంది. 1906లో ఆ రెండు నియమాలూ దేశమంతటికీ వచ్చాయి, ఆటను నిలబెట్టాయి కూడా. మైదానంలో ఎంత చూసినవాడికైనా రేపటి ఆట కళ్లకు కట్టాలని లేదు మరి. లైను మనిషి కాబట్టి లైను బలంతోనే ఆట తేలాలని ఆయనకు లోపల ఉందేమో!

వాష్‌బర్న్ తర్వాత కోచింగ్ వదిలేశాడు. కాన్సాస్ సిటీలో సర్జన్‌గా స్థిరపడ్డాడు. అయితే ఆట మీద మమకారం పోలేదు. ఫిలడెల్ఫియాలో చదివేటప్పుడు అక్కడ ఏటా జరిగే రిలే పరుగుల పండుగ చూశాడు. 1895లో మొదలైన ఆ పోటీలకు ఎక్కడెక్కడి కాలేజీల నుంచో కుర్రాళ్లు వచ్చేవాళ్లు. తూర్పు తీరంలో ఉన్న ఈ సంబరం మన పొలాల మధ్య ఎందుకు ఉండకూడదనుకున్నాడు. ఆ ఆలోచన కాన్సాస్ యూనివర్సిటీలో చెవికెక్కింది. అప్పుడక్కడ క్రీడల అధిపతి ఫాగ్ అలెన్, నైస్మిత్ శిష్యుడు. ఆయనా ఎముకలూ కీళ్లూ సరిచేసే ఆస్టియోపతి వైద్యుడే, ఆయనా 1920లో ఒక ఏడాది ఫుట్‌బాల్ కోచే! ఆ ఊళ్లో ఏ కోచ్‌ను కదిపినా డాక్టరే తేలేట్టున్నాడు. 1923 ఏప్రిల్‌లో కాన్సాస్ రిలేస్ మొదలయ్యాయి.

ఆ ట్రాక్ మీద పరిగెత్తినవాళ్లలో గ్లెన్ కన్నింగ్‌హామ్ ఒకడు. చిన్నప్పుడు పల్లె బడిలో పొయ్యి పేలి మంటలు రేగితే అన్న చనిపోయాడు, వీడి కాళ్లు కాలిపోయాయి. కాళ్లు తీసేయాలన్నారు డాక్టర్లు. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి కాళ్లు రుద్దించుకుని, మొదట నిలబడి, తర్వాత నడిచి, ఆ తర్వాత పరుగు నేర్చాడు. 1934లో మైలు పరుగులో ప్రపంచ రికార్డు అతనిదే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లలో రజతం. డాక్టరు కన్న కలలోంచి పుట్టిన మైదానంలో, డాక్టర్లు ఆశ వదిలేసిన కాళ్లు పరిగెత్తాయి.

ఔట్‌లాండ్ ఆట వదిలి వైద్యంలోకి పోయాడు. రెండూ వదలని వాళ్లూ ఉన్నారు. ఎడ్డీ అండర్సన్ అనే ఆయన 1920లలో షికాగోలో ఒకవైపు డిపాల్ యూనివర్సిటీకి కోచింగ్ ఇస్తూ, మరోవైపు వైద్యం చదివాడు. 1929లో పట్టా వచ్చాక కూడా కోచింగ్ ఆపలేదు. ఆసుపత్రీ మైదానమూ రెండూ చూసుకుంటూ మొత్తం 201 ఆటలు గెలిచాడు. ఇంట్లో ఒక నీట్ పరీక్ష ఉంటేనే టీవీ వైరు పీకేసే మన తల్లిదండ్రులకు ఇది కట్టుకథలా అనిపించవచ్చు.

మన దేశంలో ఇలాంటివాడు లేడా అంటే, దగ్గరగా వచ్చే పేరు ఒకటుంది. తాలిమెరెన్ ఆవ్. నాగా కొండల్లో 1918లో పుట్టినవాడు. ఇది మనం ఆడే ఫుట్‌బాలే. తండ్రి పాస్టరు, 1935లో టైఫాయిడ్‌తో పోయాడు. డాక్టరువై మనవాళ్లకు సేవ చెయ్యమన్నది తండ్రి కోరిక. గువాహటి కాటన్ కాలేజీలో చదివి, వైద్యానికి కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చేరాడు. చదువుతూనే మోహన్ బగాన్‌కు ఆడాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత జట్టుకు మొదటి కెప్టెన్, జెండా పట్టి నడిచింది కూడా ఆయనే. ఫ్రాన్స్ మీద 2-1 తేడాతో ఓడారు. మనవాళ్లు రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నారు. చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. ఆర్సెనల్ క్లబ్బు రమ్మని అడిగిందనీ, ఆయన కాదన్నాడనీ చెబుతారు. వచ్చి చదువు పూర్తి చేశాడు. 1950లో ఎంబీబీఎస్. తర్వాత కోహిమాకు వెళ్లి, చివరికి నాగాలాండ్ ఆరోగ్య శాఖకు డైరెక్టరై 1978లో రిటైరయ్యాడు. 1998లో కన్నుమూశాడు. ఇంత పెద్ద కెప్టెన్ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆయనా ఆడింది వెనక వరసలోనే. గోల్ కొట్టే చోటు కాదు, గోల్ పడకుండా ఆపే చోటు.

మళ్లీ అమెరికా లైను దగ్గరికి వద్దాం. అక్కడ నిలబడేవాడికి దెబ్బ అంటే ఒక పెద్ద దెబ్బ కాదు. ప్రతి ఆటలో, ప్రతి ప్రాక్టీసులో, బంతి కదిలినప్పుడల్లా తలకు తగిలే చిన్న చిన్న దెబ్బలు. ఒక్కటీ కింద పడెయ్యదు, ఒక్కటీ లెక్కలోకి రాదు. పిట్స్‌బర్గ్ జట్టు లైను నడుమ ఏళ్ల తరబడి నిలబడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యో ఏట చనిపోయాడు. జ్ఞాపకం చెదిరి, మనసు చెదిరి, ఒక దశలో తన ట్రక్కులోనే పడుకునేవాడు. నైజీరియా నుంచి వచ్చిన బెన్నెట్ ఒమాలు అనే పాథాలజిస్టు ఆయన మెదడును పరీక్షించాడు. పైకి మామూలుగానే ఉంది. సూక్ష్మదర్శిని కింద పెడితే లోపల దెబ్బల వల్ల పేరుకున్న ప్రోటీను మచ్చలు. 2005లో ఆ సంగతి వైద్య పత్రికలో అచ్చయ్యింది. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ తరఫు డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని గట్టిగా అడిగారు. ఆయన తీసుకోలేదు. ఔట్‌లాండ్ కాలంలో ఈ జబ్బు సంగతి ఎవరికీ తెలియదు. లైను మనిషి దెబ్బ ఎవరికీ కనబడదన్నది మాత్రం అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

బహుమతుల సంగతి ఇంకో అన్యాయం. కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దది హైస్మన్ ట్రోఫీ, 1935 నుంచి ఇస్తున్నారు. తొంభై ఏళ్లలో, 2025 దాకా, లైను లోపల నిలబడే ఆటగాడికి అది ఒక్కసారి కూడా రాలేదు. దాదాపు ఎప్పుడూ బంతి విసిరేవాడికి, పట్టేవాడికి, పట్టుకుని పరిగెత్తేవాడికే. ఇంతకీ ఓటు వేసేవాళ్లు ఎవరనుకున్నారు? ఎక్కువమంది పత్రికలవాళ్లే!

ఔట్‌లాండ్ అప్పటికి డెబ్భై దాటినవాడు. లైనులో నిలబడేవాళ్లకు దక్కాల్సింది దక్కడం లేదని ఆయన బాధ. దాని గురించి సణుగుతూ కూర్చోలేదు. 1946లో ఫుట్‌బాల్ రచయితల సంఘం చేతికి ఒక ట్రోఫీ ఇచ్చాడు. షరతు ఒక్కటే. లైను లోపలివాళ్లలో ఆ ఏడాది మేటి ఎవరో వాళ్లకే అది చెందాలి. దాని పేరే ఔట్‌లాండ్ ట్రోఫీ. ఇప్పటికీ ఏటా ఇస్తున్నారు.

మొదటి ఏడాది అది నోటర్‌డామ్ యూనివర్సిటీ ఆటగాడు జార్జ్ కానర్‌కు వెళ్లింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. పుట్టినప్పుడు మూడు పౌన్ల బరువు కూడా లేడు, అంటే ఒకటిన్నర కిలోకు తక్కువ. దక్కుతాడని ఎవరికీ నమ్మకం లేదు. తండ్రి డాక్టరు, తల్లి నర్సు. ఇద్దరూ కలిసి ఇంట్లోనే ఉంచుకుని, చుక్క చుక్కగా ఆహారం పోసి బతికించుకున్నారు. ఆ పసిగుడ్డు పెరిగి ఆరడుగుల మూడంగుళాల మనిషై, లైనులో గోడలా నిలబడ్డాడు.

ఆ ట్రోఫీ ఒక్క సీజను గడవడం ఔట్‌లాండ్ చూశాడు. 1947 మార్చి 24న, డెబ్భై ఆరేళ్లు నిండిన వారానికి, కాలిఫోర్నియాలోని లగునా బీచ్‌లో కన్నుమూశాడు.